బయూమీ మెడలో బిళ్లలు

మా మహల్లా ఊళ్లో ఏ ఇంట పెళ్లి కుదిరినా ఆ ఇంటివాళ్లు ముందు బయూమీ నోట్లో పడాల్సిందే. పెళ్లికూతురి పరుపులు కుట్టేది ఆయనే కాబట్టి తప్పేది కాదు. పెళ్లికి కొన్ని రోజుల ముందు పిల్ల ఇంటి ఎదుట వీధిలో చాపలు పరిచి, దూది గుట్టగా పోసి, నిలువెత్తు విల్లు భుజానికి ఆనించుకుని కొయ్య గూటంతో తాడు మీద దెబ్బ వేసేవాడు. టంగుటంగుమని ఆ మోత వీధి చివర మసీదు దాకా వినపడేది. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొట్టి పాడుతూ, నాలుకలు తిప్పుతూ సంతోషపు కేకలు పెడుతూ ఉంటే, ఎగిరే దూది మధ్యలోంచి ఆయన గొంతు వచ్చేది.

"ఏమమ్మా, పెళ్లికూతురి తల్లీ! ఈ దూది ఎక్కడ కొన్నావు? సగం గింజలే. రేపు నీ అల్లుడు పొద్దున్నే లేచి వీపు తడుముకుని, నీ కూతురు గిల్లిందనుకుంటాడు."

అందరూ నవ్వేవాళ్లు. తల్లి కూడా నవ్వేది. నవ్వకపోతే తరవాతి మాట ఇంకా కిందికి దిగుతుందని ఆవిడకి తెలుసు. పిల్ల నల్లగా ఉంటే దూదిలో ఒకసారి దొర్లించమనేవాడు. పొట్టిగా ఉంటే రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి ఎక్కించమనేవాడు. ఒక పెళ్లికూతురికి ఒక కాలు అవిటి. ఆ పిల్లని ఏమన్నాడో నేను చెప్పను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, బయూమీ నోరు ఎంత చెడ్డదైతే మా ఊరు ఆయన్ని అంత నెత్తిన పెట్టుకుంది. పని మాత్రం ఒప్పుకోవాలి. ఆయన కుట్టిన పరుపు ఏళ్లు గడిచినా గుంట పడేది కాదు.

నేను ఉమ్ వగ్దీని. బయూమీ ఉండే మేడలోనే కింది అరలో ఊరగాయలు అమ్ముతాను. టర్నిప్పు, క్యారెట్టు, నిమ్మకాయ, పీపాల్లో ఊరేసి. బయూమీ, ఆయన పెళ్లాం ఇన్షిరాహ్ నా నెత్తి మీద ఉండేవాళ్లు. ఆ కప్పు ఎంత పల్చనిదంటే పైన ఆయన దగ్గితే కింద నా ఉప్పునీళ్లు కదిలేవి. కాబట్టి నేను చెప్పేదాంట్లో చెవులారా విన్నది కొంత, కళ్లారా చూసింది కొంత, మిగతాది ఇన్షిరాహ్ నా పీపా మీద కూర్చుని చెప్పింది.

వాళ్లకి పిల్లల్లేరు. లోపం ఎవరిదో తేల్చుకోవడానికి బయూమీ ఒక్క డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. "ఈ నేలలో ఉప్పు ఎక్కువ" అని తనే తీర్పు చెప్పేశాడు, అదీ వీధిలో, పది మందిలో. ఇన్షిరాహ్ సన్నటి మనిషి, మాట తక్కువ. ఆ మాట విని కూడా ఆయన మెడ మీదా జుట్టులోనూ చిక్కిన దూది పీచుని సాయంత్రం కూర్చుని నూనె రాసి తీసేది. నాకు ఒళ్లు మండేది. "ఆ నూనేదో వేడి చేసి పొయ్యవే" అనేదాన్ని. ఆమె నవ్వేది.

ఆమెకి అప్పటికే రెండు తలాకులు పడ్డాయి. మొదటిది ములుఖియ్యా కూర జిగురు తక్కువైందని. రెండోది చెప్పకుండా పినతల్లి కూతురి పెళ్లికి వెళ్లిందని. రెండుసార్లూ కోపం చల్లారగానే ఆయనే వెనక్కి తెచ్చుకున్నాడు. మూడోది పడితే ఇక వెనక్కి దారి లేదని మా వాళ్లలో పిల్లలకి కూడా తెలుసు. మా మగవాళ్లకి తలాక్ మాట ఊతపదం. చేపలవాడు కూడా "నా పెళ్లాం మీద తలాక్, ఇది నిన్నటి చేప కాదు" అంటాడు. అందుకని ఆ మూడోదాన్ని బయూమీ నాలుక చివర పెట్టుకునే తిరిగాడు.

బిళ్లల్ని ముందు చూసింది ఇన్షిరాహే. నూనె రాస్తుంటే ఎడమ చెవి కింద వేలికి తగిలింది. నొక్కితే జారుతోంది, రబ్బరులా ఉంది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు, ఏమీ లేదు. దవడపన్ను పుచ్చింది, దాని బిళ్ల. లవంగం పెట్టు."

లవంగం పెట్టింది. తరవాత కాల్చిన ఉల్లిపాయ కట్టింది. కాలం గడిచేకొద్దీ ఒక బిళ్ల పక్కన ఇంకోటి, చంకలో ఒకటి, గజ్జల్లో రెండు తేలాయి. ఒంటిమీది చొక్కా వదులైంది. తెల్లారేసరికి పడక చెమటతో పిండితే కారేట్టు ఉండేది. ఊరందరికీ పరుపులు కుట్టే మనిషి పరుపు రోజూ వరండా కమ్మీ మీద ఎండుతుంటే వీధి చూడదా? చూసింది. అప్పట్నుంచి ఆయన ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

ఆఖరికి ఇన్షిరాహ్ ఏడ్చి మొత్తుకుంటే డాక్టర్ నాహిద్ దగ్గరికి వెళ్లాడు. నాహిద్ మిల్లు కార్మికుడి కూతురు. చదువు ముగించి మా పక్క వీధిలో రొట్టెల బట్టీ మేడ మీద కొత్తగా గది తెరిచింది. ముఖాన ఇంకా బడిపిల్ల కళ తగ్గలేదు. గదిలో ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో, వాళ్లూ దగ్గు మందుకి వచ్చినవాళ్లే. బయూమీ ఆ ఖాళీ కుర్చీలు చూసి గుమ్మంలోనే మూతి తిప్పాడట.

ఆ పిల్ల మాత్రం తొందరపడలేదు. మెడ, చంకలు, గజ్జలు, పొట్ట, అన్నీ ఓపికగా తడిమి చూసింది.

"నొప్పి ఉందా ఉస్తా?" పనితనం ఉన్నవాళ్లని మా వైపు అలాగే పిలుస్తారు.

"లేదు."

"ఉంటే బాగుండేది."

"ఏమిటీ? నాకు నొప్పి ఉండాలని కోరుకుంటున్నావా డాక్టరమ్మా?"

"నొప్పి ఉంటే మామూలు చీము బిళ్ల అనుకునేదాన్ని. ఒక బిళ్ల తీసి పరీక్షకి పంపాలి. ఈ వారంలోనే. అది చూడకుండా నేను జబ్బు పేరు చెప్పను. కానీ నేను భయపడేదే అయినా, ఇప్పుడు పట్టుకుంటే నయమయ్యే రకాలు చాలా ఉన్నాయి." తరవాత ఇన్షిరాహ్ వైపు తిరిగి చెప్పిందట, "అమ్మా, బిళ్ల తీసేదాకా ఈయనకి ఏ ఇంజెక్షనూ, ఏ మాత్రా వెయ్యనివ్వకు."

ఆ సాయంత్రం పైనుంచి వచ్చిన అరుపులకి నా దగ్గరికి నిమ్మకాయలకి వచ్చిన మనిషి చిల్లర మర్చిపోయి పోయింది. "నిన్నటిదాకా ముక్కు చీదుకోవడం రాని పిల్ల నా మెడ కోస్తుందా?" అని బయూమీ అరుస్తున్నాడు. భయం. నాకు తెలుసు, అది ఒట్టి భయమే. మగవాడికి భయం వేస్తే మా వీధిలో పెళ్లాం చెవులు పగులుతాయి.

మర్నాడు వీధి అంతా కూర్చుని తీర్పు చెప్పింది, రెండో డాక్టరుకి చూపించాలని. అందులో తప్పేం లేదు. చూపించాల్సిందే. పక్క పట్నం తాంతాలో డాక్టర్ ముర్తదా ఉన్నాడు, పెద్ద ప్రొఫెసరు, వాకిట్లో జనం మెట్ల మీద దాకా కూర్చుని ఉంటారు. అంత జనం ఉన్నారంటే అంత గొప్పవాడని మా లెక్క. చీటీ దొరకడానికే వారాలు పడుతుంది. అదీ బాగానే ఉంది. కానీ రెండో డాక్టరుకి మా వీధిలో ఒక చట్టం ఉంది. మొదటి డాక్టరు ఏమన్నాడో రెండోవాడికి చెప్పకూడదు. చెబితే వాడు అదే మాట తిరిగి చెబుతాడు, ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, ఒకరినొకరు కాపాడుకుంటారు. చెప్పకుండా కూర్చుంటే, వాడంతట వాడు అదే మాట చెబితే అప్పుడు నిజమని నమ్మాలి. మా వాళ్లు డాక్టర్లకి చూపించుకోవడం పోయి డాక్టర్లకి పరీక్ష పెట్టడం మొదలెట్టి చాలా కాలమైంది.

"వైద్యుడి దగ్గర దాస్తే రోగం ముదురుతుంది" అంది ఇన్షిరాహ్.

"నువ్వు దాచనక్కర్లేదు, నోరు మూసుకో చాలు. దాచేది నేను" అన్నాడు ఆయన.

ఆ చీటీ కోసం చూస్తున్న రోజుల్లోనే ఒక పెళ్లి ఇంట్లో దూదేకుతూ ఆయనకి జలుబు పట్టింది. జలుబంటే మా వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లరు. మందుల కొట్టు సిద్ఖీ ఉన్నాడు. మూడు సీసాల మందు ఒకే సూదిలో కలిపి నడుము కింద పొడుస్తాడు. అందులో ఏముందో పొడిపించుకునేవాడు అడగడు, పొడిచేవాడు చెప్పడు. సాయంత్రం పొడిపించుకుంటే పొద్దున్నకి గుర్రంలా లేస్తారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు సిద్ఖీ కొట్టు ఎప్పుడూ కిటకిటలాడుతుంది.

బయూమీ కూడా గుర్రంలా లేచాడు. ఆకలి పుట్టింది, గిన్నెడు బీన్సు పప్పు తిని ఇంకో రొట్టె అడిగాడు. ఒక సూదితో ఇంత హాయిగా ఉంటే రెండోది ఎందుకు మానాలి? రెండోది వేయించాడు. మూడోదీ వేయించాడు. నిద్ర పట్టిందనీ, భుజం తేలికైందనీ రోజు మార్చి రోజు పోయాడు. చూస్తుండగానే మెడలో బిళ్లలు కరిగాయి. నా కళ్లతో చూశాను. ఒకరోజు మెట్లు దిగుతూ మెడ గుండీ విప్పి నా ముందు నిలబడ్డాడు.

"తడిమి చూడు ఉమ్ వగ్దీ! ఎక్కడుంది డాక్టరమ్మ చెప్పిన కొండ? ఎలక పట్టుకుపోయిందా?"

తడిమాను. శనగగింజంత మిగిలి ఉన్నాయి.

"ఆ అమ్మాయి సూదులు వద్దంది కదా" అంది వెనకాల మెట్టు మీద నుంచి ఇన్షిరాహ్.

"అవి జలుబుకి వేసుకున్న సూదులే, మెడకి కావు. జలుబుకీ మెడకీ ఏం సంబంధం? మధ్యలో ముక్కు లేదూ?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

చీటీ దొరికి తాంతా వెళ్లిన సంగతి ఇన్షిరాహ్ తిరిగొచ్చిన రోజే నాకు చెప్పింది. ముర్తదా మర్యాదస్థుడు, ముసలాయన. బయట అంతమంది కూర్చుని ఉండగా ఒక్కొక్కరికి ఎంతసేపు దొరుకుతుంది? మెడ నొక్కి చూశాడు, చంక నొక్కి చూశాడు.

"ఇవి ఎప్పట్నుంచి?"

"ఈమధ్యే సార్. చిన్న జలుబు చేసింది."

"వేరే డాక్టరెవరైనా చూశారా?"

"లేదు సార్, నేరుగా తమ దగ్గరికే వచ్చాను."

"ఇంజెక్షన్లు గానీ, మాత్రలు గానీ ఏమైనా వాడావా?"

"అల్లా మీద ఒట్టు సార్, ఒక్క చుక్క కూడా లేదు."

ఇన్షిరాహ్ నోరు తెరిచింది. బల్ల కింద ఆయన మడమ ఆమె పాదం మీద పడింది. నాకు చూపించింది పాదం, నీలంగా కమిలి ఉంది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "చిన్నవిగా, మెత్తగా ఉన్నాయి. ఒంట్లో ఏదో దోషం వచ్చి పోయినట్టుంది. ఇప్పుడు కొయ్యనక్కర్లేదు. మళ్లీ పెరిగితే మాత్రం వెంటనే రా" అన్నాడట. ఆయన తప్పు ఏముంది? చేతికి దొరికింది చూశాడు, చెవికి చెప్పింది విన్నాడు.

తాంతా నుంచి వచ్చిన మనిషి తిన్నగా మిఠాయి కొట్టుకి పోయి పళ్లెం నిండా బస్బూసా కొన్నాడు. "రండి, రండి! నన్ను పాతిపెట్టిన డాక్టరమ్మకి తీపి పెట్టొద్దాం" అని వీధిని పిలిచాడు. వీధికి ఇంతకన్నా ఏం కావాలి? సగం మంది వెనకాల పడ్డారు. పీపాలకి మూతలు పెట్టి నేనూ పోయాను. ఏం చేస్తాడో చూడాలని ఉండదా మరి?

ఆ రోజు నాహిద్ గదిలో మామూలుకన్నా ఎక్కువమందే ఉన్నారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. బయూమీ పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరికీ వంగి పెట్టాడు.

"తీసుకోండమ్మా, తీసుకోండి. నా నలభయ్యో రోజు తీపి. తాంతా డాక్టరు ఏమీ లేదన్నాడు గానీ, ఈ డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం నేను పోయి చాలా రోజులైంది. చచ్చినవాడి చేతి తీపి, దోషం లేదు, తినండి!"

గది దద్దరిల్లింది నవ్వులతో. నాహిద్ లోపలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనీ అనుకున్నాను. ఆమె అవేవీ చెయ్యకుండా దగ్గరికొచ్చి ఆయన మెడ వైపు చూసింది.

"ఇంజెక్షన్లు వేయించుకున్నావా ఉస్తా?"

"జలుబుకి."

"ఎన్ని? తాంతాలో డాక్టరుగారికి చెప్పావా?"

"చూశారా! బేరం పోయిన వ్యాపారి పక్క కొట్టు లెక్కలు అడుగుతోంది."

"ఆ సూదిలో ఉండే మందు ఈ బిళ్లల్ని కొన్నాళ్లు అణిచిపెడుతుంది, అంతే. మళ్లీ లేస్తాయి. నా దగ్గరికి రావద్దు, నన్ను తిట్టుకో, కానీ ఆయన దగ్గరికి వెళ్లి ఈ ఒక్క మాట చెప్పు. నీకు దండం పెడతాను."

బయూమీ ఒక బస్బూసా ముక్క తీసి ఆమె బల్ల మీద, ఆమె మెడలో వేసుకునే ఆ చెవిగొట్టం పక్కన పెట్టాడు. "ఇది నీ వాటా. ఇంకోసారి ఎవరినైనా చంపేటప్పుడు తిను" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు చావు డాక్టరమ్మ. పిల్లల్ని అన్నం తినకపోతే చావు డాక్టరమ్మకి పట్టిస్తామని బెదిరించేవాళ్లు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆమె ఎదురొస్తే వీధి దాటి నడిచేవాళ్లు. కొన్నాళ్లకి ఆ గదికి తాళం పడింది. పోర్ట్ సయీద్‌లో మేనత్త దగ్గరికి పోయిందన్నారు. ఎక్కడికి పోయిందని పట్టించుకున్నవాళ్లు లేరు.

పట్టించుకుంది ఇన్షిరాహ్ ఒక్కతే. నాహిద్ అన్న మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. ఒకరోజు నల్ల ముసుగు కప్పుకుని, నేను తాంతా పోయి ఆ డాక్టరుకి నిజం చెప్పొస్తానని మెట్లు దిగుతోంది. బయూమీ వెనకాలే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. కింద నేను టర్నిప్పులు కోస్తున్నాను, నన్ను సాక్షిగా చూపించాడు.

"ఉమ్ వగ్దీ, విను! ఇది నా మెడ గురించి ఏ డాక్టరు ముందైనా నోరు విప్పిందా, మూడో తలాక్ దీని మీద పడ్డట్టే!"

ఇన్షిరాహ్ ముసుగు తీసి చేతికి చుట్టుకుంది. తరవాత పైకి వెళ్లిపోయింది. నేను కత్తి కింద పెట్టి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "ఒరే పీనుగా, నీ ప్రాణం గురించి అది పోతుంటే దాని కాపురం తాకట్టు పెడతావా?" అన్నాను. నా చేతిలోంచి ఒక టర్నిప్పు ముక్క తీసుకుని నములుతూ, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఎండలు ముదిరేసరికి బిళ్లలు లేచాయి. ఈసారి చుట్టాల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాయి. మెడ రెండు వైపులా బరువెక్కి, తలకీ భుజాలకీ తేడా లేకుండా పోయింది. గొంతు మూసుకుపోయింది. బయూమీ గొంతు! ఆ గొంతుతో వీధిని ఏలిన మనిషి ఇప్పుడు నీళ్లడగాలన్నా చెయ్యి ఊపాల్సి వచ్చేది. పరిగెత్తుకుని సిద్ఖీ దగ్గరికి పోయాడు. సిద్ఖీ సూదులు పొడిచాడు, ఈసారి మెడలో బిళ్లలు వాటిని లెక్కచెయ్యలేదు. విల్లు ఎత్తబోతే చంకలో గడ్డలు అడ్డం వచ్చాయి. ఒక పెళ్లి ఇంటి ముందు సగం దూది ఏకి కూలబడిపోతే, మిగతా సగం కొట్టడానికి ఆ ఇంటివాళ్లు ఇంకో ఊరి నుంచి మనిషిని తెచ్చుకున్నారు. అక్కడి ఆడవాళ్లు ఆయన్ని చూసి పాట ఆపలేదు.

తాంతా తీసుకెళ్లడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది, అటు ఇన్షిరాహ్, ఇటు నేను. అందుకే ఆ గదిలో జరిగింది మాత్రం నా కళ్లతో చూశాను. ముర్తదా ఆయన మెడ చూడగానే చేతిలో కలం కింద పెట్టేశాడు. పొట్ట నొక్కాడు. మొహం గంభీరమైపోయింది.

"పోయినసారి వచ్చినప్పుడు ఇవి అంత చిన్నగా ఎలా ఉన్నాయి? బాగా ఆలోచించి చెప్పు బాబూ. అప్పుడు ఏ మందూ వాడలేదా?"

బయూమీ ఊపిరాడక ఎగపోస్తున్నాడు. అప్పుడైనా చెప్తాడనుకున్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకేముంటుంది? కానీ చెబితే బస్బూసా పళ్లెం అంతా తన నెత్తిన బోర్లించుకున్నట్టే కదా.

"లేదు సార్" అన్నాడు గరగరమంటూ. "అల్లా మీద ఒట్టు."

"వాడాడు" అంది ఇన్షిరాహ్.

ఆమె గొంతు పెద్దది కాదు. ఆ చిన్న గదిలో మాత్రం అందరికీ వినపడింది. "వారాల తరబడి సూదులు వేయించుకున్నాడు. మూడు మందులు కలిపిన సూదులు. మీ దగ్గరికి రాకముందే మా ఊళ్లో డాక్టర్ నాహిద్ చూసింది. బిళ్ల తీసి పరీక్ష చెయ్యాలంది, సూదులు వద్దంది. మీకు చెప్పనివ్వలేదు."

డాక్టరు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. "ఆ రోజు ఈ ఒక్క మాట నా చెవిన పడి ఉంటే ఆ రోజే బిళ్ల తీయించేవాణ్ణి" అన్నాడు.

బయూమీ పరీక్ష బల్ల మీద నుంచి లేచాడు. తొందరేమీ పడలేదు. విప్పిన గుండీలు కిందినుంచి పైదాకా ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. మెడ దగ్గరి గుండీ వాపుకి అందకపోతే వేలితో వాపుని నొక్కి పట్టి మరీ పెట్టాడు. అప్పుడు పెళ్లాం వైపు తిరిగి, ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పాడు.

"నీకు తలాక్."

డాక్టరు, "ఏమిటయ్యా ఇది, ఇక్కడా?" అన్నాడు. ఇన్షిరాహ్ కళ్లు దించలేదు.

"సరే" అంది. "డాక్టరుగారూ, బిళ్ల ఎప్పుడు తీస్తారు?"

బిళ్ల తీశారు. మా వాళ్లు పేరు పలకడానికి జంకే ఆ జబ్బే. ఎముకల లోపలి దాకా పోయిందన్నారు. సెలైనులో మందు ఎక్కిస్తామన్నారు, ఆశ మాట ఎవరూ ఎత్తలేదు. ఇన్షిరాహ్ అప్పటికే సమన్నూద్‌లో అన్న ఇంట్లో ఉంది. తాంతా నుంచి వచ్చిన రోజే కట్టుబట్టలతో పోయింది.

మందు ఎక్కించుకుని వచ్చి వాంతులు చేసుకుంటూ ఒక్కడే పడున్నాక బయూమీకి పెళ్లాం గుర్తొచ్చింది. మా వీధి మసీదు షేకుని పిలిపించుకుని, నాకు అప్పుడు ఒళ్లు తెలియలేదు, కోపంలో ఆకాశమేదో నేలేదో కనపడలేదని చెప్పాడు. ఒళ్లు తెలియని కోపంలో అన్న తలాక్ పడదని షేకు చెప్పాడు, పాపం, విన్నదాన్నిబట్టి. ఆ మాట మోసుకుని నేను సమన్నూద్ పోయాను. నిజం చెప్పాలంటే ఆమె వస్తుందనే అనుకున్నాను. వీధి మొత్తం అలాగే అనుకుంది.

ఇన్షిరాహ్ ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది. చెయ్యి ఆపకుండా విన్నది.

"ఒక షేకు మాట చాలదు అక్కా" అంది. "రెండో షేకుని అడుగుదాం."

తాంతాలో ఒక పెద్ద షేకు దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్లింది. ఏదీ దాచలేదు. ఆ మెట్ల మీది ఒట్టు, సూదులు, పాదం మీద మడమ, అన్నీ చెప్పింది. "ఒళ్లు తెలియని కోపమా?" అని షేకు అడిగితే, "తెలియదు అయ్యగారూ. అనేముందు గుండీలు అన్నీ పెట్టుకున్నాడు" అంది. షేకు నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? చూసింది చూశానని చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, పడిందన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమెని తిట్టాను కూడా. "అంత కచ్చ దేనికే, చచ్చేవాడి మీద?" అన్నాను. కిటికీలోంచి చూస్తూ, "ఆయనకి నేను తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు అక్కా. అన్న ఉన్నా నాకు ఆయన తప్ప ఎవరూ లేరని ఆయనకీ తెలుసు. అది తెలిసే అన్నాడు" అంది.

మా వాళ్లలో కాపురం సామాను పెళ్లాం పేరున ఉంటుంది. తలాక్ పడితే తనది తను పట్టుకుపోతుంది, ఎవరూ కాదనరు. అడగడానికి కొందరు మొహమాటపడతారు, ఇన్షిరాహ్ పడలేదు. ఒక పొద్దున్నే ఆమె అన్న గుర్రబ్బండి తీసుకుని వచ్చాడు. అద్దాల బీరువా దించారు, రాగి గిన్నెలు దించారు. ఆఖరికి మంచం పట్టెలు విప్పాలని బయూమీని లేపారు. లేపడమేముంది, చేతుల్లో ఎత్తి, నేను పైకి తెచ్చి పరిచిన చాప మీద దించారు. జుట్టు ఊడిపోయి, బుగ్గలు పీక్కుపోయి, గుప్పెడంత అయ్యాడు. ఆయన పడుకునే పరుపు ఇద్దరు మనుషులు రెండు అంచులూ పట్టుకుని లేపారు. తన పెళ్లికి తనే దూదేకి, తనే కుట్టుకున్న పరుపు.

ఒకప్పుడు ఆయన నోట్లో నలిగిన పెళ్లికూతుళ్లు ఇప్పుడు పిల్లల తల్లులై, ఎదురు మేడ వరండాల్లో మోచేతులు ఆనించి చూస్తున్నారు. ఏ ఒక్కరూ నవ్వలేదు. కిందికి దిగి వచ్చింది కూడా లేదు.

ఇన్షిరాహ్ వీధిలో బండి పక్కన నిలబడి ఉంది. పైకి రాలేదు. నేను కిందికీ పైకీ తిరుగుతున్నాను. ఆఖరిసారి పైకి వెళ్లేసరికి బయూమీ గుమ్మం వైపే చూస్తున్నాడు.

"కిందుందా?" అన్నాడు. ఆ గొంతు వినాలంటే చెవి ఆయన నోటి దగ్గర పెట్టాలి.

"ఉంది."

"పైకొస్తుందా?"

"రాదు."

"ఏమైనా అడిగిందా?"

కావాలంటే అబద్ధం చెప్పి ఉండేదాన్ని. నాకు ఆ మనిషి మీద కోపం చావలేదు, జాలీ చావలేదు. ఏది ముందు నోటికి వస్తే అదే చెప్పాను.

"పరుపు తడిగా ఎందుకుందని అడిగింది. నీ చెమట అని చెప్పాను."

"దానికేమంది?"

"బండి మీద తిరగేసి వెయ్యండి, దారిలో ఎండుతుంది అంది."

బయూమీ పనిలో కూర్చున్నప్పుడు ఎలా తలాడించేవాడో అలాగే తలాడించాడు.

"అలాగే వెయ్యాలి" అన్నాడు. "తిరగేస్తేనే దూది ఎండుతుంది."